ఎవరి నుంచి ఎవరికి, ఎందుకు నమ్మి: నెట్‌వర్క్ విశ్లేషణా, భావనా పటమా?

2018 వేసవిలో జోగుళాంబ గద్వాల జిల్లా పల్లెల్లో తిరిగే పోలీసుల కంట ఒక మార్పు పడింది. ఎండాకాలం వస్తే ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుని ఇళ్ళలో ఉండిపోతున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని చెప్పే ఫొటోలు, వీడియోలు వాటి నిండా ఉన్నాయి. ఆ నెలల్లో ఇవే వదంతులు దేశంలో చాలాచోట్ల ప్రాణాలు తీశాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని గుంపు కొట్టి చంపింది. బాగా తిరిగిన వీడియోల్లో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి హెచ్చరిక అట్ట చూపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి పంపారు.

దానికి రెండు రకాల జవాబులు వచ్చాయి. వాట్సాప్ సంస్థ 2018 జూలైలో, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకు మించి పంపే వీలు లేకుండా కట్టడి పెట్టింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా బిగించింది. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఆమె సిబ్బంది ఊరూరా తిరిగి, జానపద కళాకారులను తోడు తీసుకుని, డప్పుతో పాటతో ఈ వదంతుల గురించి జనంతో మాట్లాడారు. ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాల్లో ఈ వదంతుల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మొదటి జవాబు సందేశం నడిచే దారిని ఇరుకు చేసింది. సందేశంలో ఏముందో దానికి పట్టదు. రెండో జవాబు దారి జోలికి పోలేదు. ఆ సందేశం గడప దాటి లోపలికి వస్తే దానికి పీట వేసి కూర్చోబెడుతున్న భయాన్ని పలకరించింది. ఆన్‌లైన్‌లో మనుషుల నడతను అర్థం చేసుకోవాలనుకునే పరిశోధక విద్యార్థి, విలేకరి, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, ఉపాధ్యాయుడు ఎవరైనా సరే, వారి ముందున్న ఎంపిక కూడా ఇదే. నెట్‌వర్క్ విశ్లేషణ, అంటే మనుషుల మధ్య సంబంధాలను గీతలుగా గీసి చూడటం, దారిని చూపిస్తుంది. భావనా పటం (కాన్సెప్ట్ మ్యాప్), అంటే ఒక మనిషి ఆలోచనలను డబ్బాలుగా, వాటి మధ్య సంబంధాలను మాటలు రాసిన బాణాలుగా గీయడం, పీటను చూపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫలితం చేతికొచ్చాక మీరు ఏ పని చేయబోతున్నారో తేల్చుకోకుండా పద్ధతిని ఎంచుకోవద్దు. దారిని మార్చగల అధికారం మీకుంటే నెట్‌వర్క్ గీయండి. మనుషులతో మాట్లాడటం తప్ప మరో సాధనం లేనివారు భావనా పటంతో మొదలుపెట్టండి. మనలో ఎక్కువ మంది ఈ రెండో కోవలోనే ఉంటాం. అయినా రంగురంగుల నెట్‌వర్క్ బొమ్మ చూడగానే మనసు అటే పోతుంది. ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

గీతలు ఏం చెబుతాయి

నెట్‌వర్క్ విశ్లేషణలో మనిషి ఒక చుక్క, సంబంధం ఒక గీత. చుక్కల ముగ్గు లాంటిదే. కాకపోతే ఇక్కడ గీత ఎటు వెళ్ళాలో నిర్ణయించేది ముగ్గు వేసే చెయ్యి కాదు, మనుషుల నడత.

ఈ పద్ధతికి తొలి పెద్ద ఉదాహరణల్లో ఒకటి ఇంటర్నెట్ పుట్టక చాలా ముందుది. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ బాలికల శిక్షణ పాఠశాల నుంచి కొద్ది రోజుల్లోనే 14 మంది బాలికలు పారిపోయారు. ఒక్కొక్కరి స్వభావంలో కారణం వెతికితే దొరకలేదు. మానసిక వైద్యుడు జేకబ్ మొరీనో, ఆయనతో పనిచేసిన పరిశోధకురాలు హెలెన్ జెన్నింగ్స్ ఆ బాలికల మధ్య ఎవరికి ఎవరంటే ఇష్టమో, ఎవరంటే గిట్టదో గీతలుగా గీసి చూశారు. పారిపోయినవారు ఆ గీతల వెంట ఒకరికొకరు ముడిపడి ఉన్నారు. పారిపోవాలనే ఆలోచన ఆ దారుల్లోనే నడిచిందని మొరీనో వాదించాడు. ఆ బాలికల్లో చాలామందికి ఆ దారి ఉన్నట్టే తెలిసి ఉండదు. ఒక్క మనిషిని ఎంత లోతుగా ప్రశ్నించినా బయటపడని విషయాన్ని పైనుంచి చూసిన గీతలు చెప్పగలగడమే ఈ పద్ధతి బలం.

ఆ బొమ్మలో అందరూ మొదట వెతికేది ఎక్కువ గీతలున్న చుక్కను. నేనైతే మరో చుక్కను వెతకమంటాను. మన పెళ్ళిళ్ళ పేరయ్యను గుర్తు చేసుకోండి. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ స్నేహితులున్నవాడు ఆయన కాకపోవచ్చు. కానీ ఒకరినొకరు ఎరగని రెండు కుటుంబాలు కలవాలంటే ఆయన మీదుగా పోవాల్సిందే. సమాజశాస్త్రవేత్త లింటన్ ఫ్రీమన్ 1977లో ఈ మధ్యవర్తిత్వానికి గణిత కొలత ఇచ్చాడు. వదంతి ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు దూకేది ఇలాంటి చుక్కల మీదుగానే. ఊరి గ్రూపులోనూ, పనికి వెళ్ళిన నగరంలోని తోటివారి గ్రూపులోనూ ఉన్న వలస కూలీ రోజంతా మాట్లాడే మనిషి కానక్కర్లేదు. నెలకు ఒక్క సందేశం పంపినా అది రెండు లోకాలను కలుపుతుంది.

అసలు చిక్కు లెక్కలో లేదు, గీత అంటే ఏమిటో నిర్ణయించడంలో ఉంది. ఒకరి వ్యాఖ్యకు మరొకరు జవాబివ్వడమా, మెచ్చుకోలు గుర్తు పెట్టడమా, సందేశం పంపడమా, ఒకే గ్రూపులో ఉండటమా? ఒక్కొక్కదానికి ఒక్కో బొమ్మ వస్తుంది. తిట్టడానికి ఇచ్చిన జవాబు, పొగడటానికి ఇచ్చిన జవాబు ఒకే గీతగా కనిపిస్తాయి. ఈ నిర్ణయం మీద ఒక రోజంతా పెట్టండి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం దానికన్నా తేలిక.

సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. కోడ్ రాయనివారికి గెఫీ ఉచితం, సరిపోతుంది. ఎక్సెల్ అలవాటున్నవారికి నోడ్ఎక్స్ఎల్. పైథాన్ భాషలో కోడ్ రాయగలవారికి నెట్‌వర్క్ఎక్స్. తెలుగు పేర్లు, ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కనిపిస్తున్నాయో లేదో మొదటి రోజే పది పేర్లతో పరీక్షించుకోండి. బొమ్మలో రెండు చుక్కలు దగ్గరగా కనిపించినంత మాత్రాన వారు సన్నిహితులని రాయకండి. అమరిక చాలా వరకు బొమ్మ గీసే సూత్రం చేసిన పని. గుంపులను విడదీసే లూవెన్ పద్ధతిని ఒక్కసారి నడిపి ఆపకండి. 2008లో వచ్చిన ఆ పద్ధతి ప్రతిసారీ కొద్దిగా వేరే జవాబు ఇవ్వగలదు. ఒక్కోసారి లోపల అతుకే లేని గుంపులను కూడా చూపిస్తుందని నిరూపించి, 2019లో దాన్ని సరిదిద్దిన లైడెన్ పద్ధతి వచ్చింది. వీలుంటే అదే వాడండి.

తొమ్మిదో నంబరు మనిషి

నెట్‌వర్క్ చదువుకున్న ప్రతివారికీ మానవశాస్త్రవేత్త వేన్ జాకరీ పరిశీలించిన కరాటే క్లబ్బు తెలుసు. 1970ల మొదట్లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో 34 మంది సభ్యుల క్లబ్బు, శిక్షకుడికీ అధ్యక్షుడికీ తగవొచ్చి రెండుగా చీలింది. సభ్యుల మధ్య ఉన్న 78 గీతలను మాత్రమే చూసి ఎవరు ఎటు వెళతారో జాకరీ లెక్కగట్టాడు. 1977లో వచ్చిన ఆ వ్యాసంలో 33 మంది విషయంలో లెక్క సరిపోయింది. ఒక్కడి విషయంలో తప్పింది. తొమ్మిదో నంబరు సభ్యుడు అధ్యక్షుడి వైపు ఉండాల్సినవాడు, శిక్షకుడి వెంట వెళ్ళాడు.

కారణం జాకరీయే రాశాడు. బ్లాక్ బెల్ట్ పరీక్షకు ఆ మనిషికి మూడు వారాలే మిగిలి ఉన్నాయి. శిక్షకుణ్ణి వదిలితే కొత్త పద్ధతిలో మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ ఉదాహరణను చాలామంది నెట్‌వర్క్ గొప్పతనానికి చెబుతారు, అది నిజమే. 34లో 33 చిన్న సంగతి కాదు. నాకు మాత్రం ఆ ఒక్కడే ఎక్కువ నేర్పాడు. అతని కారణం ఏ గీతలోనూ లేదు, అతని లెక్కలో ఉంది. దాన్ని తెలుసుకోవాలంటే అడగాలి, అడిగినదాన్ని పేర్చి చూడాలి. అక్కడి నుంచి భావనా పటం పని మొదలవుతుంది.

గీతలు చూపించలేనిది మరొకటి ఉంది: మౌనం. చదివి ఊరుకునేవారికి గీత ఉండదు కాబట్టి బొమ్మలోనే ఉండరు. కొన్నేళ్ళ క్రితం ఒక బడి పిల్లల తల్లిదండ్రుల గ్రూపును, వారి అనుమతితో, గీతలుగా గీశాం. ఒక తల్లి చుక్కకు ఒక్క గీతా లేదు, కాబట్టి ఆమెను పక్కన పెట్టాం. తరువాత ఇళ్ళకు వెళ్ళి మాట్లాడితే తెలిసింది, గ్రూపులో ఏ హెచ్చరిక వచ్చినా సగం మంది ముందు ఆమెకే ఫోను చేసి అడుగుతారని. ఆమె ఆసుపత్రిలో నర్సు. గ్రూపులో రాయడానికి ఆమెకు తీరిక లేదు. నమ్మకానికి అసలు కేంద్రం ఎవరో మా బొమ్మలో కనిపించనే లేదు.

భావనా పటం ఏం చెబుతుంది

కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం 1972లో ఈ పద్ధతిని రూపొందించింది. చిన్న తరగతుల పిల్లలకు విజ్ఞానశాస్త్ర పాఠాలు చెప్పి, ఏళ్ళ తరబడి వారితో మాట్లాడుతూ, వారి అవగాహన ఎలా మారుతోందో చూడాలన్నది వారి ప్రయత్నం. మాట్లాడించినదంతా రాస్తే కాగితాల గుట్ట అయింది, మార్పు కంటికి ఆనలేదు. అప్పుడు పిల్లవాడి మాటల్లోని భావనలను డబ్బాల్లో రాసి, వాటిని కలిపే మాటలను బాణాల మీద రాశారు. కొత్త విషయం మనసులో అప్పటికే ఉన్నదానికి అతుక్కుంటేనే నిలుస్తుందన్న మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్ సిద్ధాంతం దీనికి ఆధారం.

దీన్ని మైండ్ మ్యాప్‌తో కలిపేయకండి. మైండ్ మ్యాప్‌లో నడుమ ఒక మాట, చుట్టూ కొమ్మలు. కొమ్మకూ కొమ్మకూ మధ్య సంబంధం ఏమిటో అది చెప్పదు. భావనా పటంలో ప్రతి బాణం మీదా మాట ఉండి తీరాలి, రెండు డబ్బాలూ ఆ మాటా కలిపి చదివితే ఒక వాక్యం రావాలి. 'పిల్లలు', 'వాట్సాప్', 'భయం' అని మూడు మాటలు గీతలతో కలిపితే మీకు తెలిసింది ఏమీ లేదు. ఆ గీత మీద ఏం రాయాలన్న దగ్గరే అవతలి మనిషి ఆలోచన బయటపడుతుంది. పని ఒక్క ముఖ్య ప్రశ్నతో మొదలవ్వాలి. 'సోషల్ మీడియా గురించి మీ అభిప్రాయం ఏమిటి' అనేది ప్రశ్న కాదు. 'గ్రూపులో వచ్చిన హెచ్చరికను ఇతరులకు ఎప్పుడు పంపుతారు' అనేది ప్రశ్న.

ఇక్కడ తెలుగులో చేసేవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. దాని మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే తెలుగులో దీన్ని మొదలుపెట్టినవారు చాలామంది ఇక్కడే విసుగెత్తి మానేయడం చూశాను. భావన, కలిపే మాట, మరో భావన అనే వరస ఇంగ్లీషుకు సరిపోతుంది, ఆ భాషలో క్రియ నడుమ ఉంటుంది కాబట్టి. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, విభక్తి నామాన్ని అంటిపెట్టుకుంటుంది. 'కొత్త మనిషి, కలిగిస్తాడు, భయం' అని రాస్తే చదివేవారికి నవ్వొస్తుంది, గీసేవారికి మనసు విరుగుతుంది. దీనికి మందు మన భాషలోనే ఉంది. బాణం మీద 'వల్ల కలిగేది', 'కోసం చేసేది', 'కన్నా ముందు వచ్చేది', 'ద్వారా తీరేది' లాంటి రూపాలు రాయండి. కొత్త మనిషి, వల్ల కలిగేది, భయం. పోలీసుల ప్రకటన, కన్నా ముందు వచ్చేది, బంధువుల ఫోను. హెచ్చరిక పంపడం, ద్వారా తీరేది, బాధ్యత. మూడూ చదివితే చక్కని తెలుగు వాక్యం వస్తుంది. 'అపరిచితుడు' లాంటి మాటలకు విభక్తి చేరగానే రూపం మారుతుంది కాబట్టి, వాటిని డబ్బాలోనే 'అపరిచితుల రాక' అని మార్చుకోండి.

సామెతలకు ప్రత్యేకంగా డబ్బా ఇవ్వండి. హెచ్చరికను ఎందుకు పంపారని అడిగితే తరచుగా వినిపించే మాట 'నిప్పు లేనిదే పొగ రాదు'. అది మాటల అలంకారం కాదు, ఒక తర్కం. నలుగురు చెబుతున్నారంటే కొంతైనా నిజం ఉంటుందని దాని అర్థం. ఒకే వీడియోను నాలుగు గ్రూపుల్లో చూసిన మనిషికి అది నాలుగు పొగలుగా కనిపిస్తుంది, మూలం ఒకటే అయినా సరే. ఈ ఒక్క డబ్బా దొరికితే మీ అవగాహన కార్యక్రమంలో ఏం చెప్పాలో తెలిసిపోతుంది. 'నకిలీ వార్తలు నమ్మకండి' అని గోడ మీద రాయడం కన్నా, ఒకే పొగ నాలుగు ఇళ్ళకు ఎలా చేరుతుందో చూపించడం మేలు.

సీమ్యాప్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్లోరిడాలోని ఐహెచ్ఎంసీ సంస్థ తయారుచేసింది. మొదటి విడతకు మాత్రం అట్టముక్కలు, దారం, పెద్ద కాగితం చాలు. ఫోను చూసి భయపడే మనిషి ఎదుట ల్యాప్‌టాప్ తెరిస్తే మాట ఆగిపోతుంది. మరో హెచ్చరిక: నోవాక్, ఆయన సహరచయిత గోవిన్ 1984లో పటాలకు మార్కులు వేసే పద్ధతి చెప్పారు, సరైన సంబంధానికి ఒకటి, పై నుంచి కిందికి పేర్చిన భావనల్లో ఒక్కో మెట్టుకు అయిదు, అడ్డులంకెకు, అంటే పటంలో దూరంగా ఉన్న రెండు భాగాలను కలిపే బాణానికి, పది. అది తరగతి గదికి. ఆన్‌లైన్ ప్రవర్తనలో సరైన జవాబు లేదు కాబట్టి మార్కులు వేయకండి. అడ్డులంకెలు ఎక్కడ పడ్డాయో మాత్రం తప్పక చూడండి. పటంలో ఒక మూల ఉన్న 'పరువు' మరో మూల ఉన్న 'పిల్లల భద్రత'తో కలిసిందంటే, మీరు ఊహించనిది దొరికినట్టే.

ఈ పద్ధతి బలహీనతలు చిన్నవి కావు. ఇరవై మందితో మాట్లాడి జిల్లా మొత్తం ఇలాగే ఆలోచిస్తుందని చెప్పలేరు. మనుషులు తాము చేసేదాన్ని కాక, చేశామని అనుకునేదాన్ని చెబుతారు. 'సరిచూసుకోకుండా పంపను' అన్న మనిషి ఫోనులో ఆ ఉదయమే పంపిన మూడు సందేశాలు ఉండవచ్చు. ఈ తేడాను పట్టుకోవడానికి మళ్ళీ గీతలే కావాలి.

మాటలను గీతలుగా కలిపే మూడో దారి

కొందరు రెండింటికీ నడుమన ఉన్న మార్గం అడుగుతారు: వేలాది వ్యాఖ్యలు తీసుకుని, ఏ మాటతో ఏ మాట కలిసి వస్తుందో కంప్యూటర్‌తో గీయించడం. మనుషులను కలవకుండానే వారి భావనలు తెలుస్తాయన్న ఆశ దీని వెనుక ఉంది. ఇంగ్లీషులో ఇది కొంతవరకు నడుస్తుంది. తెలుగులో చేసే ముందు రెండు సార్లు ఆలోచించండి.

'పిల్లలు, పిల్లలను, పిల్లల్ని, పిల్లలకు, పిల్లలతో, పిల్లలేమో' మనకు ఒకే మాట, యంత్రానికి ఆరు మాటలు. సగం మంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరి వర్ణక్రమం ఒక్కో తీరు. దానికి తోడు, కంటికి కనబడని చిక్కు ఒకటి ఉంది. 'నెట్‌వర్క్' లాంటి మాటల్లో పొల్లు నిలబడటానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరం వాడతారు. అది ఉన్న మాట, లేని మాట తెర మీద ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి, లెక్కలో వేరు. ఇవన్నీ శుభ్రం చేయడానికి మీ కాలంలో మూడొంతులు పోతుంది. చివరకు తేలేది 'పిల్లలు' పక్కన 'ముఠా' ఉందని. 'ముఠా ఉంది' అన్నారా, 'ముఠా లేదు' అన్నారా అన్నది ఆ గీతకు తెలియదు. మీ చేతిలో పదివేల వ్యాఖ్యలు ఉండి, పైథాన్ వచ్చిన స్నేహితుడు తోడుంటే చేయండి. లేకపోతే ఈ దారి వదిలేయడం మంచిది.

దీనికన్నా నాకు నచ్చిన నడిమి మార్గం విలియం ట్రోకిమ్ 1989లో వివరించిన సమూహ పద్ధతి. ఒక బృందాన్ని కూర్చోబెట్టి ముఖ్య ప్రశ్నకు వాక్యాలు చెప్పించి, ఒక్కో వాక్యాన్ని ఒక్కో కార్డు మీద రాస్తారు. ఎవరికి వారు వాటిని తమకు తోచినట్టు కుప్పలుగా వేస్తారు, ఏది ఎంత ముఖ్యమో అంకె వేస్తారు. ఎక్కువ మంది ఒకే కుప్పలో వేసిన వాక్యాలు పటంలో దగ్గరగా వచ్చేలా గణితం అమరుస్తుంది. స్వయం సహాయక బృందాలతో, కళాశాల విద్యార్థులతో ఇది హాయిగా నడుస్తుంది. ఎక్కువ మాట్లాడేవారి కంఠం ఇక్కడ పైచేయి కాదు, కార్డులు అందరి చేతిలోనూ ఉంటాయి.

డేటా దొరుకుతుందా?

చాలామంది ఎంపికను నిజానికి ఈ ప్రశ్నే తేల్చేస్తుంది. పదేళ్ళ క్రితం నాటి పుస్తకాలు చూసి ట్విటర్ డేటాతో నెట్‌వర్క్ గీద్దామని బయలుదేరకండి. ఉచితంగా డేటా తీసుకునే మార్గాన్ని మూసేస్తున్నట్టు ఆ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఫేస్‌బుక్ పేజీలను గమనించడానికి విలేకరులు వాడిన క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టు 14న మూసేశారు. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి పూర్తిగా సంకేతబద్ధం, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేరు; ఒక సందేశం ఊళ్ళు దాటిన దారి మీకు కనిపించదు. మీరు సభ్యులుగా ఉన్న గ్రూపు మాటలే దొరుకుతాయి, వాటికీ అందరి అనుమతి కావాలి.

తెలుగులో బాహాటంగా దొరికే మంచి గని తెలుగు వికీపీడియా. 2003 డిసెంబర్ 10న మొదలైన నాటి నుంచి ఎవరు ఏ వ్యాసంలో ఏ మార్పు చేశారో చరిత్ర పేజీల్లో ఉంది, చర్చ పేజీలు ఉన్నాయి, వాడుకరులంతా కలిసి మాట్లాడుకునే రచ్చబండ పేజీ ఉంది. ఎవరు ఎవరికి జవాబిచ్చారు, కొత్తగా వచ్చిన వాడుకరిని ఎవరు పలకరించారు, పలకరింపు అందుకున్నవారు నిలిచారా అన్నది గీతలుగా గీయవచ్చు. ఒక జాగ్రత్త తీసుకోండి. ఒకే వ్యాసాన్ని దిద్దిన ఇద్దరి మధ్య గీత గీస్తే, వేల గ్రామ పేజీలను ఒక్క చేత్తో సరిదిద్దిన మనిషి, లేదా ఒక బాట్ (తనంతట తానే మార్పులు చేసే ప్రోగ్రాము), అందరికీ ఆప్తుడిగా కనిపిస్తుంది. బాట్లను ముందే తీసేయండి, గీతను చర్చ పేజీలోని జవాబులకు పరిమితం చేయండి. డబ్బు రాని పని కోసం అర్ధరాత్రి దాకా ఎందుకు కూర్చుంటున్నారన్నది మాత్రం ఆ చరిత్ర పేజీల్లో లేదు. దానికి భావనా పటమే గతి.

ఎవరికి ఏది

ఒకే సమస్యను ఇద్దరు రెండు వైపుల నుంచి చూస్తే ఎంపిక ఎలా మారుతుందో 'డిజిటల్ అరెస్ట్' మోసాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పోలీసులమని వీడియో కాల్ చేసి, గదిలోంచి కదలవద్దని గంటల తరబడి, రోజుల తరబడి బెదిరించి ఖాతాలు ఖాళీ చేయించే మోసం అది. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దీని గురించే హెచ్చరించారు, చట్టంలో అలాంటి అరెస్టే లేదని చెప్పారు. దర్యాప్తు చేసే అధికారికి కావలసింది నెట్‌వర్క్: డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయింది, అన్ని దారులూ కలిసే ఖాతా ఏది, దేన్ని స్తంభింపజేస్తే మిగతావి ఆగుతాయి. ఆయనకు భావనా పటం వల్ల ఒరిగేది తక్కువ. అదే కాలనీలో పెద్దలకు అవగాహన కల్పించాలనుకునే మీకు ఖాతాల గీతలతో పనిలేదు. ఉద్యోగమంతా నిజాయితీగా చేసి రిటైరైన మనిషి, 'విచారణ' అన్న మాట వినగానే ఎందుకు వణికిపోయాడు, ఇంట్లోవారికి ఎందుకు చెప్పలేదు? ఆ పటంలో 'చట్టం' పక్కన 'పరువు' ఉంటుంది, 'పరువు' పక్కన 'ఎవరికీ చెప్పకపోవడం' ఉంటుంది. మోసగాడు లాగుతున్న తాడు అదే.

మూడు నెలల్లో ప్రాజెక్టు పూర్తిచేయాల్సిన ఎం.ఏ. విద్యార్థికి నా సలహా భావనా పటమే. పన్నెండు నుంచి ఇరవై మందితో తలా ఒక గంట మాట్లాడితే నిలబడే పని అవుతుంది. నెట్‌వర్క్‌లో సగం డేటా పోతే బొమ్మ మొత్తం అబద్ధమవుతుంది. భావనా పటంలో సగం మందే దొరికితే పని చిన్నదవుతుంది, అబద్ధం కాదు. సొంత వేదిక నడుపుతూ, సభ్యుల రాకపోకల నమోదులు చేతిలో ఉన్నవారు నెట్‌వర్క్‌తో మొదలుపెట్టాలి. గ్రూపు నిర్వాహకురాలికి రెండూ అక్కర్లేకపోవచ్చు, నలుగురితో ఫోనులో మాట్లాడితే చాలు.

రెండూ చేయగలిగితే

ముందు గీతలు, తరువాత మాటలు. నెట్‌వర్క్ గీసి, అందులో మూడు రకాల మనుషులను ఎంచుకోండి: ఎక్కువ గీతలున్నవారు కొందరు, రెండు గుంపులను కలిపే పేరయ్యలు కొందరు, గీతే లేని మౌనులు కొందరు. ఈ మూడో రకాన్ని దయచేసి వదలకండి, మేము చేసిన తప్పు అదే. ఆ మనుషులతో భావనా పటాలు గీయించి, వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గుంపులో 'హెచ్చరిక' నుంచి 'బాధ్యత'కు పోయే బాణం, మరో గుంపులో 'కాలక్షేపం'కు పోతుంటే, ఆ రెండు గుంపులకూ ఒకే మాట చెప్పి లాభం లేదు.

అనుమతి విషయంలో రెండు పద్ధతులకూ తేడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. భావనా పటంలో మనిషి తన గురించి చెబుతాడు, అతని అనుమతి సరిపోతుంది. నెట్‌వర్క్‌లో 'నేను ఫలానా ఆమెతో మాట్లాడతాను' అని ఒకరు చెప్పగానే, అడగని మరో మనిషి బొమ్మలోకి వచ్చేస్తుంది. పేర్లు తీసేస్తే చాలదు. ముప్పై మంది గ్రూపులో గీత లేని ఒక్క చుక్క ఎవరిదో ఆ ముప్పై మందికీ తెలుస్తుంది. చిన్న సమూహాల నెట్‌వర్క్ బొమ్మను ఆ సమూహం ముందు ప్రదర్శించకండి. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ చట్టం అడగకముందే మనం పాటించాల్సిన మర్యాద ఇది.

భావనా పటాన్ని మాత్రం తప్పక వెనక్కి తీసుకెళ్ళి, ఎవరి మాటలతో గీశారో వారికే చూపించండి. ఆ తల్లిదండ్రుల గ్రూపులో ఎక్కువ హెచ్చరికలు పంపే ఒకావిడ పటాన్ని మేము ఇంట్లో కూర్చుని ముచ్చటగా గీసి తీసుకెళ్ళాం. 'నమ్మడం' డబ్బా నుంచి 'పంపడం' డబ్బాకు బాణం, దాని మీద 'వల్ల జరిగేది'. ఆమె చాలాసేపు చూసి, పెన్సిలు తీసుకుని ఆ బాణాన్ని కొట్టేశారు. "నమ్మి పంపలేదండీ. నిజమై, నేను చెప్పకపోయి, ఎవరి బిడ్డకైనా ఏమైనా అయితే? అందుకని పంపాను. నమ్మాలా వద్దా అన్నది పంపాక ఆలోచిస్తాను" అన్నారు. 'పంపడం' నుంచి 'నా మీద మాట రాకపోవడం'కు ఆమె గీసిన కొత్త బాణం, మా మొదటి పటంలోని పదహారు బాణాల్లో ఏదీ కాదు.